ఆరు నిమిషాల పన్నెండు సెకండ్లు

"తప్పులేమన్న ఉంటె గిప్పుడే చెప్పక్కా. ఉలి పడ్డంక నా చేతిల ఏముండది," అన్నాడు తిమోతి, నల్లరాతి మీద నీళ్లు చల్లి గుడ్డతో తుడుస్తూ.

స్వరూపరాణి కళ్లద్దాలు సర్దుకుని రాయి ముందు గొంతుక్కూర్చుంది. నారాయణఖేడ్ బస్సు డిపో దాటాక రోడ్డు పక్కనే తిమోతి రేకుల షెడ్డు. సమాధి రాళ్లైనా, కొత్త ఇండ్ల పేర్లైనా, బడుల ప్రారంభోత్సవ ఫలకాలైనా చుట్టుపక్కల ఊళ్లకు అతనే దిక్కు. ఆమె తండ్రి శంకరప్ప పోయి ఆ రోజుకు ఆరు రోజులు. కర్మ పట్టిన తమ్ముడు నగేష్ పదో రోజు దాకా గడప దాటకూడదు. పెండ్లయిన బిడ్డకు మూడొద్దులతో మైల తీరుతుంది, పైగా బడిపంతులమ్మ, అందుకని ఆయన స్మారక ఫలకం మీద అచ్చుతప్పులు చూసి రమ్మని ఆమెను పంపారు. బిడ్డ పరాయిదని చెప్పే ఆచారమే పనిబడ్డప్పుడు బిడ్డను ముందుకు తోస్తుంది.

తిమోతి కుంచెతో తెల్లరంగు అక్షరాలు రాసి పెట్టాడు. వాటి మీదే ఉలి నడుస్తుంది. తండ్రి పేరు సరిగ్గానే ఉంది. కింద "యువజన సంఘం అధ్యక్షుడు" అని ఉంది. ఎనభై ఒకటో ఏట మంచం పట్టేదాకా ఆయన యువజన సంఘానికే అధ్యక్షుడు. తప్పుకుంటానని ఏటా అనేవాడు. సరే తప్పుకోమని ఎవరైనా అని ఉంటే ఊరుకునేవాడా అన్నది వేరే మాట. ఆ కింద "ఆదర్శ తండ్రి, యువతకు దారి చూపిన నాయకుడు". తప్పుల్లేవు. చివరి వరుస దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

"సార్ పరుగు: 1600 మీటర్లు – 6 నిమిషాల 12 సెకండ్లు. ఇదే మన గురి."

"ఇది ఎవరు రాయమన్నరు?"

"సంఘం ధర్మేందరన్న. మీ నాయన, సార్ టైం గదక్కా!" తిమోతి నవ్వాడు. "గ్రౌండుకు వచ్చిన పోరనికి సార్ ముందుగాల చెప్పేది గదే. ఆరు పన్నెండు లోపల ఉరికినోడే పోలీసు సెలక్షన్లకు పోవాలె. దాటకపోతె ఇంటికి పో, రేపు మళ్ల రా. నేను ఆరు నలభై కాడనే ఆగిపోయిన. అందుకే గిట్ల రాళ్లు కొడుతున్న."

నలభై ఏండ్లు, చలి అనకుండా వాన అనకుండా, శంకరప్ప తెల్లవారకముందే కాలేజీ గ్రౌండులో విజిల్ పట్టుకుని నిలబడ్డాడు. పోలీసులోకో మిలిటరీలోకో పోవాలనుకునే పిల్లలను ఉరికించాడు. ఒక్కరి దగ్గర కూడా టీ తాగలేదు. ఇదంతా నిజమే, స్వరూపరాణి కాదనదు. కానీ ఆ అంకె ఆమెది.

పదో తరగతి పరీక్షలు అయిపోయిన ఎండాకాలం, ఆమెకు పదిహేనేండ్లప్పుడు, అదే గ్రౌండులో మొగపిల్లలతో కలిసి నాలుగు చుట్లు ఉరికి సున్నం గీత దాటినప్పుడు నాయన గడియారం చూసి అరిచిన అంకె అది. మరుసటి పొద్దున నుంచి ఆమెను గ్రౌండుకు రానివ్వలేదు.

"ఈ ఆఖరి లైను ఇప్పుడే కొట్టకు తిమోతీ. నేను చెప్పేదాక ఆగు."

"అక్షరం తప్పున్నదా?"

"అక్షరాలన్ని మంచిగనే ఉన్నయి," అని లేచింది.

ఆటో ఎక్కకుండా నడిచింది. ఇంటినిండా చుట్టాలు తెచ్చిన కూరగాయలుండగా బజారులో ఆగి కిలో టమాటాలు కొంది. సంచి అక్కడే మరిచి, మళ్లీ వెనక్కి పోయి తెచ్చుకుంది. చచ్చిపోయిన మనిషి మీద కోపం రావడం ఎంత ఇబ్బందో ఆమెకు ఆ పూటే తెలిసింది. తిట్టడానికి మనిషి లేడు, తిట్టకుండా ఉండటానికి మనసు ఒప్పుకోదు.

ఇంటికి వచ్చేసరికి ధర్మేందర్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎరువుల దుకాణం అతనిది, సంఘానికి కార్యదర్శి. పన్నెండో రోజు పొద్దున గ్రౌండులోనే సంస్మరణ సభ, రాయి మీది గుడ్డ తీయడం, అన్నీ అతని చేతుల మీదుగానే జరగాలి. కింద చాప మీద గడ్డం పెరిగిన మొహంతో నగేష్. ఇంటర్ చదివే అతని కూతురు శివాని టీలు ఇస్తోంది.

"చూసినవా అక్కా రాయి? ఎట్లున్నది?" అన్నాడు ధర్మేందర్. "ఆ టైం రాయాల్సిందే అని నేనే పట్టుబట్టిన. ఇన్నేండ్లల ఆరు పది లోపల ఉరికినోళ్లం పదకొండు మందిమే. నాది ఆరు ఎనిమిది!"

ఆరు ఎనిమిది సంగతి ఊళ్లో తెలియనివాళ్లు లేరు. యూరియా బస్తా కొన్నవాళ్లకు అది ఊరకే వస్తుంది.

"అది నాయన టైం కాదు," అంది స్వరూపరాణి.

"మరెవ్వరిది?"

"నాది."

ధర్మేందర్ ముందు నవ్వాడు. ఆ తర్వాత, చావు జరిగిన ఇల్లని గుర్తొచ్చి మొహం సర్దుకున్నాడు. "అక్కా, దుఃఖంల మనిషికి ఏమేమో అనిపిస్తది. సార్ నోటితోని మేం విన్నం గద."

"ఏం విన్నరు? నేను ఉరికిన అన్నడా?"

"‘మా ఇంటి టైం’ అన్నడు. ఇంటిదంటె ఆయనది గాక ఇంకెవ్వరిది? ఏం నగేషన్నా, నువ్వు చెప్పు."

నగేష్ చాప అంచులోంచి ఒక ఈతాకు పుల్ల పీకాడు. దాన్ని రెండు ముక్కలు చేశాడు. "నాకు యాదికి లేదు. గప్పుడు నేను చిన్నోన్ని," అన్నాడు తల ఎత్తకుండా.

పదకొండేండ్లవాడు మరీ అంత చిన్నవాడు కాదు. స్వరూపరాణి తమ్ముడి వైపు చూస్తూనే ఉంది. అతను రెండు ముక్కలను నాలుగు చేశాడు.

"నాలుగొందల మందిమి ఆ టైం మీద ఉరికినం అక్కా," అన్నాడు ధర్మేందర్ లేస్తూ, మెత్తగానే. "సగం మంది నౌకర్లల్ల ఉన్నరు. సార్ టైం అనుకునే ఉరికినం. సార్ పోయినంక దాన్ని గుంజుకుంటవా?"

అతను వెళ్లాక నగేష్ గొంతు తగ్గించాడు. "నాయన ఇజ్జత్ తియ్యకక్కా. పన్నెండొద్దులు గూడ కాలే."

"నా టైం నాది అంటె ఇజ్జత్ పోతదా?"

"నీకేం, నువ్వు పంతులమ్మవయినవు. నేను ఆరు ఇరవైకి ఉరికితె సెలక్షన్లకు పోనియ్యలె. సొంత కొడుకునని సుత చూడలే. ఎనిమిది సెకండ్లకు నా పోలీసు నౌకరి పోయింది. నాయన టైం అందలేదు అని పది మందికి చెప్పుకుంట బతికిన. ఇప్పుడది నీదంటె, నేనేం గావాలె?"

శివాని ఖాళీ కప్పులు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. పొమ్మని తండ్రి కసిరితే గానీ కదల్లేదు.

మరుసటి రోజు స్వరూపరాణి నాగల్‌గిద్ద బస్సెక్కింది. ఆమె ఉరికిన పొద్దున గీత దగ్గర ఉన్న పెద్దమనిషి ఇంకొకడు ఉన్నాడు, నాయన స్నేహితుడు చంద్రప్ప. దారి పొడుగునా కంది చేన్లు పసుపు పూత మీద ఉన్నాయి. ఎప్పుడూ కిటికీలోంచి చూస్తూ కూర్చునే మనిషి, ఆ రోజు రెండుసార్లు సీటు మారింది.

చంద్రప్ప వాకిట్లో కూర్చుని తొడ మీద జనుపనార పెట్టి తాడు పేనుతున్నాడు. "బా తాయీ, బా," అని, రా తల్లీ అన్నట్టు కన్నడంలోనే పిలిచి, పక్కనున్న మంచం చూపించాడు. కాసేపు శంకరప్పను తలుచుకుని కళ్లు తుడుచుకున్నాడు. ఆమె విషయం చెప్పింది. వింటూనే ఆయన అరచేయి పని చేసుకుపోయింది.

"నాకెందుకు యాది లేదు బిడ్డా? సున్నం గీత గీసింది నేనే. నువ్వు దాటినంక మీ నాయన గడియారం నాకు చూపిచ్చిండు. ఒక్కసారి కాదు, మూడుసార్లు చూపిచ్చిండు, గంత ఖుషీ. గప్పుడే వచ్చిండ్రు ఐదారుగురు, పోరల తండ్రులు. ‘ఆడపిల్లను మొగపోరలతోని ఉరికిస్తున్నవు, రేపు మా ఇండ్లల్ల ఆడపిల్లలు సుత అడుగుతరు. నీ బిడ్డ వస్తె మా పోరలు రారు,’ అన్నరు. శంకరప్ప ఒక్క మాట అనలే. బిడ్డనా, పోరలా అంటె పోరల దిక్కు పోయిండు."

స్వరూపరాణికి ఈ సంగతి తెలియదు. ఆమెకు తెలిసింది మర్నాటి పొద్దున ఒక్కటే. తల్లి లేని పిల్లలు కావడంతో రోజూ నాయనే ఆమెకు రెండు జడలు అల్లేవాడు. ఆ పొద్దున కూడా వెనక కూర్చుని అల్లుతూ, "ఇయ్యాల్టి నుంచి గ్రౌండుకు వద్దు తల్లీ," అన్నాడు. ముందుకు వచ్చి చెప్పలేదు. మొహం చూద్దామని తిరగబోతే, "కదలకు, పాయ ఊడిపోతది," అన్నాడు.

"మరి నా టైం తనదని ఎందుకు చెప్పుకున్నడు కాకా?"

"చెప్పుకోలె. మా ఇంటి టైం అన్నడు. పోరలు ఆయనదనుకున్నరు. ఈయన కాదనలె. ఒక్కసారి నేనే అన్న, శంకరా, పిల్ల పేరు చెప్పరాదు అని. నా మొఖం చూడకుండ విజిల్ ఊదిండు. గట్లనే ఏండ్లు గడిచినయి. ఇగ ఎన్నడు చెప్తడు?"

"నువ్వు సభకు వచ్చి గీ మాట చెప్పు."

తాడు పేనే చేయి అప్పుడు ఆగింది. "నువ్వు లేచి చెప్తె నేను కాదనను. నేనై నేను మాత్రం లేవను తాయీ. రేపో మాపో నేనూ ఆడికే పోయేటోన్ని. ఆన్ని ఏ మొఖం పెట్టుకొని చూడాలె?"

తిరుగు బస్సులో ఆమెకు చంద్రప్ప మీద కోపం రాలేదు. అందరి మీదా వచ్చింది. తన మీద ఎక్కువ వచ్చింది. తనకేం కావాలో తనకే తేలడం లేదు. పేరా? నలభై తొమ్మిదేండ్ల వయసులో ఆ పేరు పెట్టుకుని ఏం చేసుకోవాలి? మూడో తరగతి పిల్లలకు ఎక్కాలు చెప్పడానికి ఆరు పన్నెండు అక్కరకొస్తుందా? పోనీ వదిలేద్దామనుకుంటే, రోజూ ఆ గ్రౌండు పక్కనుంచే బడికి పోవాలి. పోయిన ప్రతిసారీ ఆ రాయి తనను చూసి నవ్వుతుంది. నాయన మీద ప్రేమ తక్కువైందా అంటే అదీ లేదు. జ్వరం వస్తే రాత్రంతా కూర్చుని తడిబట్ట వేసింది ఆ చేతులే. వాన కురిస్తే గొడుగు పట్టుకుని బడి గేటు దగ్గర నిలబడ్డది ఆ మనిషే. ఒక మనిషిని అటూ ఇటూ తూచి తేల్చలేక ఆమెకు తలనొప్పి పట్టుకుంది.

బస్సు దిగి నేరుగా తిమోతి షెడ్డుకు పోయింది. పై వరుసలన్నీ చెక్కడం అయిపోయింది. అక్షరాల గాట్లలోని దుమ్మును తిమోతి నోటితో ఊదుతున్నాడు.

"ఆఖరి లైను తీసెయ్యి," అంది.

"మొత్తమా? సార్ టైం లేకుంటె ఎట్లక్కా?"

"టైమే వద్దు. ఎవ్వరిదీ వద్దు."

తిమోతి ఆమె మొహం చూసి డబ్బా మూత తీశాడు. కిరసనాయిలు గుడ్డతో రుద్దితే తెల్లరంగు అక్షరాలు ఒక్కొక్కటే చెదిరిపోయాయి. అబద్ధం పోయింది కదా అని తనకు తాను చెప్పుకుంది. నిజం కూడా పోయిందని నాలుగడుగులు నడిచాక తట్టింది. వెనక్కి తిరగలేదు. అలసిపోయింది.

పదో రోజు కర్మ అయిపోయింది. నగేష్ గుండు చేయించుకుని, స్నానం చేసి, అరుగు మీద ఎండలో కూర్చున్నాడు. లోపల గదిలో శివానికి స్వరూపరాణి తల దువ్వుతోంది. కిటికీ తెరిచే ఉంది.

"అత్తా, నువ్వు నిజంగ ఉరికినవా?"

"ఉరికిన."

"మొగపిల్లలు నీ ఎనక ఉండిరా?"

"ఇద్దరు ముంగట ఉండిరి. తొమ్మిది మంది ఎనక."

శివాని తల వెనక్కి తిప్పింది. "నేను పోతనని నాయనను అడిగిన, పోయినేడు. తాతను సుత అడిగిన."

"తాత ఏమన్నడు?"

"మీ నాయనను అడుగు అన్నడు. నాయనేమో వద్దన్నడు. మన ఇంట్ల ఆడపిల్లలు ఎన్నడు ఉరకలే, నువ్వెందుకు అన్నడు."

దువ్వెన చిక్కులో ఇరుక్కుంది. స్వరూపరాణి కిటికీ వైపు చూసింది. అరుగు మీది గుండు కదలలేదు. విననట్టే ఉన్నాడు. కానీ వినకపోవడానికి అతనేం దూరంలో లేడు, చేయి చాపితే తగిలేంత దగ్గరలోనే ఉన్నాడు. కాసేపటికి లేచి, బండి తీసుకుని ఎటో వెళ్లిపోయాడు. అన్నానికి కూడా రాలేదు.

పన్నెండో రోజు పొద్దున గ్రౌండులో షామియానా వేశారు. చలికి జనం మఫ్లర్లు చుట్టుకుని వచ్చారు. ఎక్కడెక్కడి స్టేషన్లలోనో పనిచేసే కానిస్టేబుళ్లు సెలవు పెట్టుకుని వచ్చారు. ఒకరి తర్వాత ఒకరు మైకు ముందుకు వచ్చి సార్ కొట్టిన దెబ్బలు, సార్ పెట్టిన ఉడకబెట్టిన శనగలు చెప్పుకుని ఏడ్చారు. ప్రతివాడూ చివర తన టైము చెప్పాడు. ఆరు పది. ఆరు పదకొండు. ధర్మేందర్ తన ఆరు ఎనిమిదిని రెండుసార్లు చెప్పుకున్నాడు. "సార్ టైం" అని వినబడినప్పుడల్లా స్వరూపరాణి కుర్చీలో అటు తిరిగి ఇటు తిరిగింది. ముందు వరుసలో చంద్రప్ప కట్టె మీద గడ్డం ఆనించి నేల చూపులు చూస్తున్నాడు. నగేష్ గుడ్డ కప్పిన రాయి పక్కనే నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఇప్పుడు సార్ బిడ్డ స్వరూపరాణి మేడం రెండు మాటలు," అన్నాడు ధర్మేందర్, ఆమెకు మాత్రమే తెలిసే బెరుకుతో.

మైకు పట్టుకుంది. నాలుగు వందల మొహాలు. అందరి కళ్లూ తడిగా, నమ్మకంగా ఉన్నాయి. "మా అమ్మ పోయినంక మా నాయన నాకు రోజు రెండు జడలు అల్లెటోడు," అంది. "చేను పని చేసే చేతులు, గట్టిగ బిగిచ్చెటోడు. పొద్దుగూకే దాక ఒక్క వెంట్రుక కదలకపోయేది." జనం నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. తర్వాతి మాట నాలుక మీదికి వచ్చింది. జడలు అల్లుతూ ఆ పొద్దున అన్న మాట. ఎదురుగా ఒక కానిస్టేబుల్ చిన్నపిల్లవాడిలా వెక్కుతున్నాడు. "గంతే," అని మైకు ఇచ్చేసి వచ్చి కూర్చుంది. తన మీద తనకు అసహ్యం వేసింది.

ధర్మేందర్ రాయి మీది గుడ్డ లాగాడు. చప్పట్లు మొదలై, మధ్యలోనే తడబడ్డాయి. ముందు వరుసలవాళ్లు మెడలు చాచారు. ధర్మేందర్ రాయి వైపు, జనం వైపు, మళ్లీ రాయి వైపు చూశాడు.

స్వరూపరాణి లేచి దగ్గరికి పోయింది. కళ్లద్దాలు కుర్చీలోనే మరిచిపోయింది, కానీ తిమోతి అక్షరాలు పెద్దవి. తుడిపించిన చోట మూడు వరుసలు కొత్తగా చెక్కి ఉన్నాయి.

"1600 మీటర్లు – 6 నిమిషాల 12 సెకండ్లు.
ఉరికింది: బిడ్డ స్వరూపరాణి, పదిహేనేండ్లు.
గడియారం పట్టింది: నాయన శంకరప్ప."

"గిదేంది?" అన్నాడు ధర్మేందర్, మైకు చేతిలో ఉందన్నది మరిచిపోయి. ఆ మాట గ్రౌండంతా వినబడింది. "ఎవరు రాయమన్నరు గిది?"

"నేనే," అన్నాడు నగేష్. అతని గుండు మీద చెమట మెరుస్తోంది. "మొన్న పోయి నేనే చెప్పిన. ఆ టైం మా అక్కది."

"యాదికి లేదంటివి గదనే!"

"అబద్ధమాడిన." నగేష్ ధర్మేందర్‌తో అన్నాడు గానీ చూపు అక్క మీద ఉంది. "ఉరికే ముందు చెప్పులు ఇడిసి నా చేతికిచ్చింది. నాలుగు చుట్లు అయ్యేదాక పట్టుకొని ఆ గోడ కాడ నిలవడ్డ. నాయన గడియారం చూసి ఒర్రింది విన్న. అన్ని యాదికున్నయి. నాయన టైం అందలే అని చెప్పుకుంటె సిగ్గు కాకపోయేది. అక్క టైం అందలే అని చెప్పుకోను నోరు రాలే. అంతే."

ముందు వరుసలో కట్టె నేలకు తాటించిన చప్పుడైంది. చంద్రప్ప, ఎవరూ అడగకుండానే, మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచి నిలబడ్డాడు. "ఔ," అన్నాడు. "గీత గీసినోన్ని నేను. ఆ పిల్లనే."

వెనక వరుసల నుంచి గుసగుస లేచి షామియానా అంతా పాకింది. పదకొండు మంది మొనగాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆడవాళ్ల వైపు ఎవరో ఒకామె ఫక్కున నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇందాకటి దాకా ఏడ్చిన కానిస్టేబుల్ ఏడుపు ఆపి స్వరూపరాణిని కొత్తగా చూశాడు, పై అధికారి ముందు నిలబడ్డట్టు వీపు నిటారుగా చేసుకుని.

ఆమెకు తమ్ముడిని చెంపమీద కొట్టాలనిపించింది. ముప్పై నాలుగేండ్లు ఒక్క మాట నోట్లో పెట్టుకుని తిరిగాడు. అతని గుండు మీద చేయి వేసి నిమరాలని కూడా అనిపించింది. రెండూ చేయలేదు. ధర్మేందర్ దగ్గరికి పోయి చేయి చాచింది. అతను ఒక్క క్షణం ఆగి, ఏదో అనబోయి, అనకుండానే మైకు ఇచ్చేశాడు.

"ఇందాక సగమే చెప్పిన," అంది స్వరూపరాణి. "ఇగ మిగిలిన సగం వినుండ్రి."